పర్లాకిమిడి పిల్లలకు ఆన్‌లైన్ చదువు: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

సాయంత్రం ట్యూషన్ విడిచే వేళకు పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చిన తల్లులు మా గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్న కొన్నేళ్లుగా ఒకటే: “ఏటి మాస్టారూ, మా పాపకి ఏ యాప్ ఎయ్యమంటారు?” నేను వెంటనే ఏ పేరూ చెప్పను. పాప ఏ బోర్డులో చదువుతున్నదో, ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయో, రాత్రి ఎనిమిది గంటలకు గదిలో కూర్చుంటే సిగ్నల్ అందుతుందో లేక మేడ ఎక్కాలో, పక్కన కూర్చోగల పెద్దవారు ఎవరో అడుగుతాను. ఈ నాలుగింటికీ జవాబు తెలియకుండా యాప్ పేరు చెప్పడం నాడి చూడకుండా మందు రాసివ్వడమే అవుతుంది. అందుకే ప్రతిసారీ గుమ్మంలో నిలబడి చెప్పే మాటలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇవి ప్రధానంగా మా ఊరున్న ఒడిశాలోని గజపతి జిల్లాను దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, గుణుపురం, జయపురం, బరంపురం వైపు తెలుగు కుటుంబాలకూ చాలావరకు వర్తిస్తాయి.

ముందు బోర్డు, ఆ తరువాతే యాప్

మా వీధిలో ఏడో తరగతి పిల్లలు ముగ్గురున్నారు. ఒకడు ఊళ్లోనే ఒడియా మాధ్యమంలో ఒడిశా బోర్డు పుస్తకాలు చదువుతాడు. రెండో అమ్మాయి రోజూ ఆటోలో సరిహద్దు దాటి పాతపట్నం బడికి వెళుతుంది. ఆమెవి ఆంధ్రప్రదేశ్ పుస్తకాలు, ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు. మూడోవాడు ఒడిశా ఆదర్శ విద్యాలయంలో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసి చేరాడు కనుక సి.బి.ఎస్.ఇ. సిలబస్‌లో ఇంగ్లీషు మాధ్యమం. ముగ్గురూ ఒకే అరుగు మీద ఆడుకుంటారు, ముగ్గురూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ముగ్గురికీ ఒకే యాప్ మాత్రం పనికిరాదు. నిరుడు ఈ ముగ్గురిలో ఇద్దరి తండ్రులు కలిసి ఒకే చందా కట్టి పంచుకుందామనుకున్నారు. లెక్కలు చూస్తే పాఠాల వరుస కలవలేదు, విజ్ఞాన శాస్త్రం చూస్తే పదాలే కలవలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒడిశాలోకి వెళ్లింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలింది. ఆనాటి గీత ఇవాళ పిల్లల పుస్తకాల సంచి మధ్య నుంచి వెళుతున్నదని గుర్తుపెట్టుకుంటే ఎంపికలో సగం తప్పులు తప్పుతాయి.

బోర్డును బట్టి మొదటి ఎంపిక ఇలా ఉండాలని నా అభిప్రాయం. ఏ బోర్డు పిల్లలకైనా మొదట తెరవవలసినది కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన దీక్షా యాప్. దీనికి డబ్బు కట్టనక్కరలేదు, బోర్డు, మాధ్యమం, తరగతి మనమే ఎంచుకోవచ్చు, పాఠాన్ని ఒకసారి దించుకుంటే తరువాత నెట్ లేకున్నా చూడవచ్చు. చాలా పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం మొదట అచ్చువేసిన క్యూ.ఆర్. కోడ్ ఈ దీక్షా కోసమే. ఆ నలుపు తెలుపు గళ్ల చదరాన్ని ధర చీటీ అనుకుని వదిలేసిన తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. దీక్షాలో అన్ని పాఠాలూ ఒకే నాణ్యతతో లేవు. కొన్ని వీడియోలలో ఉపాధ్యాయుడు పుస్తకాన్ని చదివి వినిపించడమే కనిపిస్తుంది. అయినా పిల్లవాడి పుస్తకంలోని అధ్యాయానికి నేరుగా అతుక్కుని ఉండటం దీని పెద్ద బలం. డబ్బు కట్టే యాప్‌లలో బొమ్మలు ఎంత బాగున్నా, ఒడిశా బోర్డు ఒడియా మాధ్యమం పిల్లవాడికి ఈ అతుకు అక్కడ సాధారణంగా దొరకదు.

తెలుగులో వివరణ కావలసినవారికి తెలంగాణ ప్రభుత్వపు టి-శాట్ విద్య ఛానల్ మంచి వనరు. డిష్ లేకపోయినా టి-శాట్ యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉచితంగా చూడవచ్చు. అయితే అది తెలంగాణ బోర్డు వరుసలో నడుస్తుంది కనుక తేదీల ప్రకారం వెంబడించవద్దు. మీ పిల్లవాడికి ఏ అధ్యాయం అర్థం కాలేదో దాన్ని మాత్రమే వెతికి చూపించండి. సి.బి.ఎస్.ఇ. పిల్లలకు ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు ఈ-పాఠశాలలో ఉచితంగా ఉన్నాయి. వాళ్లకు వీడియోల కొరత లేదు, ఎక్కువై ఉక్కిరిబిక్కిరి కావడమే సమస్య.

అర్థం తెలుగులో, పరీక్ష ఒడియాలో

ఇక ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే, ఎందుకంటే హైదరాబాదులోనో భువనేశ్వరంలోనో కూర్చుని యాప్‌లను పోల్చేవారికి ఈ చిక్కు కనిపించదు.

ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బడిలో చెప్పిన గుణిజాల పాఠం బుర్రకెక్కక, వాళ్ల అన్నయ్య ఫోనులో ఒక చక్కటి తెలుగు వీడియో చూపించాడు. అమ్మాయికి నిజంగానే అర్థమైంది. 12, 18ల క.సా.గు. 36 అని, గ.సా.భా. 6 అని నాకు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. వారం తరువాత బడిలో పరీక్ష పెడితే, 12, 18ల “గ.సా.గు.” ఎంత అన్న ప్రశ్నకు 36 అని రాసింది. మార్కు పోయింది. మాస్టారు అన్నింటికన్నా పెద్ద ఉమ్మడి భాజకం అడిగితే ఈమె చిన్న ఉమ్మడి గుణిజం రాసినట్టయింది.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. తెలుగులో కనిష్ఠ సామాన్య గుణిజం క.సా.గు., గరిష్ఠ సామాన్య భాజకం గ.సా.భా. ఒడియాలో మొదటిది లఘిష్ఠ సాధారణ గుణితక, అంటే ల.సా.గు.; రెండవది గరిష్ఠ సాధారణ గుణనీయక, అంటే గ.సా.గు. తెలుగు చెవికి చివర “గు” వినిపిస్తే గుణిజమే. ఒడియాలో రెండింటి చివరా “గు” ఉంది. ఆ పిల్ల చివరి అక్షరాన్ని నమ్ముకుంది. లెక్క వచ్చు, భాష వచ్చు, రెండింటికీ మధ్య వంతెన మాత్రం ఎవరూ వేయలేదు.

విజ్ఞాన శాస్త్రంలోనూ ఇంతే. తెలుగు వీడియోలో ఆక్సిజన్, హైడ్రోజన్ అని వింటారు. ఒడియా పుస్తకంలో అమ్లజాన, ఉదజాన అని ఉంటుంది. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ నేర్చుకున్నవాడు ఒడియా ప్రశ్నపత్రంలో ఆలోకశ్లేషణ కనబడగానే కొత్త పాఠం అనుకుంటాడు. ఇక్కడ మా తాతల తరం వారికి ఒక సౌలభ్యం ఉండేది. వారు చదివిన పాత తెలుగు పుస్తకాల్లో ఆమ్లజని, ఉదజని అనే ఉండేవి, అవి ఒడియా మాటలకు అక్కచెల్లెళ్లు. ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే ఈ పదాల దగ్గర వారిని కూర్చోబెట్టండి, యాప్ కన్నా బాగా చెబుతారు.

కాబట్టి ఒడియా మాధ్యమం పిల్లలకు తెలుగు వీడియోలు చూపించాలా వద్దా అన్న ప్రశ్నకు, చూపించండి అనే నా జవాబు, కానీ ఒక నోటుపుస్తకం పక్కన పెట్టి చూపించండి. పేజీని మూడు నిలువు గళ్లుగా చేసి, మొదటి గడిలో తెలుగు మాట, రెండో గడిలో ఒడియా పుస్తకంలోని మాటను ఒడియా లిపిలోనే, మూడో గడిలో ఒక చిన్న బొమ్మ గాని ఉదాహరణ గాని రాయించాలి. వీడియో ఆపి మాట రాయడానికి పిల్లలు విసుక్కుంటారు, మొదటి వారం మనమే పక్కన కూర్చోవలసి వస్తుంది. దీక్షాలో ఒక సౌకర్యం ఈ పనికి బాగా కలిసివస్తుంది: ఒకే అధ్యాయాన్ని ఒడిశా బోర్డు ఒడియా మాధ్యమంలో ఒకసారి, బోర్డు మార్చి ఆంధ్రప్రదేశ్ తెలుగు మాధ్యమంలో మరొకసారి తెరవవచ్చు. మొదట తెలుగు, తరువాత ఒడియా, అదే రోజు. ఈ వరుస తారుమారైతే పిల్లవాడు ఒడియా వీడియోను నోరు తెరుచుకుని చూసి లేచిపోతాడు.

కింది తరగతుల్లో ఇంకొక చిన్న చిక్కు ఉంది. ఒడియా పుస్తకాల్లో ఒడియా అంకెలు ఉంటాయి, తెలుగు వీడియోలలో 1, 2, 3 అని మామూలు అంకెలు కనిపిస్తాయి. రెండూ వచ్చేదాకా లెక్కల వీడియోలు ఆపి ఉంచడం మేలు.

ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఈ ఎడం మా ఊరికి కొత్తది కాదు. 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వేంకట రామమూర్తి, సవర పిల్లలకు అర్థంకాని భాషలో చదువు చెప్పడం చూడలేక తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఇవాళ కూడా కొండల మీది సవర పిల్లలకు ఒడియా, తెలుగు రెండూ పరాయివే. వారి కోసం వెతికేవారు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ చూడాలి. 2015లో మొదలైన ఈ ఉచిత కథల భాండారంలో తెలుగు, ఒడియా కథలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, సవరలోనూ కొన్ని దొరుకుతాయి. ఒకే కథను రెండు భాషల్లో పక్కపక్కన చదివించడానికి దీనికన్నా మంచిది నేను చూడలేదు. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని ఒడియా మాధ్యమం పిల్లలకు గూగుల్ వారి రీడ్ అలాంగ్ పనికివస్తుంది. పిల్లవాడు గట్టిగా చదువుతుంటే విని, తప్పిన మాట దగ్గర ఆపుతుంది, కథలను ముందే దించుకుంటే నెట్ అక్కరలేదు.

టీవీ, ఫోను, పెన్ డ్రైవు

ఏ వస్తువు మీద చూడాలన్నది జనం మొదట అడుగుతారు, నేను రెండవ వరుసలో పెడతాను.

ఇంట్లో టీవీ ఉంటే దాన్ని తక్కువ చేయవద్దు. డి.డి. ఫ్రీ డిష్‌కు డిష్, బాక్సు ఒకసారి కొంటే నెలసరి చందా ఉండదు. అందులో వచ్చే కేంద్రపు పాఠాల ఛానళ్లే పి.ఎం. ఈ-విద్య. తరగతికి ఒక ఛానల్ చొప్పున 12 ఛానళ్లతో దీన్ని 2020 మేలో ప్రకటించారు, 2022 బడ్జెట్‌లో వాటిని 200కు పెంచుతామని చెప్పారు. టీవీ పాఠాన్ని మధ్యలో ఆపలేము, సందేహం అడగలేము, చాలా పాఠాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. కానీ పాఠం నడుమ రీల్స్ దూకి రావు, అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకేసారి చూడవచ్చు, వంట చేస్తున్న అమ్మకు ఏం నడుస్తున్నదో వినిపిస్తుంది. మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్లలో టవర్ దొరకని ఇళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఫోను విషయంలో లెక్క వేసుకోవాలి. ఒక గంట వీడియో 360 నాణ్యతతో చూస్తే సుమారు 300 ఎం.బి., 720తో చూస్తే ఒక జి.బి.కి పైగా ఖర్చవుతుంది. రోజుకు 1.5 జి.బి. రీఛార్జి ఉన్న ఇంట్లో, పొద్దున్నుంచి అన్నయ్య వాడగా సాయంత్రానికి మిగిలిన దానితో చెల్లెలు చదవాలి. పలక మీది అక్షరాలు, బొమ్మలు 360లో స్పష్టంగానే కనిపిస్తాయి, నాణ్యతను దానికే కట్టిపెట్టండి. అంతకన్నా మంచి దారి, సిగ్నల్ బాగా ఉండే తెల్లవారుజామున వారానికి సరిపడా పాఠాలు దించుకోవడం. కొందరు పెన్ డ్రైవులో వేసుకుని టీవీకి గుచ్చి చూస్తారు. యాప్ లోపల దించినవి అలా కదలవు కానీ, ఉచితంగా ఇచ్చే వీడియో ఫైళ్లు కదులుతాయి.

ట్యాబ్ కొనాలా అని అడిగేవారికి, ఎనిమిదో తరగతి లోపు వద్దనే చెబుతాను. ఆ డబ్బుతో పాత లాప్‌టాప్ దొరికితే అది మేలు, ఎందుకంటే దానిమీద పిల్లవాడు చూడటంతో ఆగకుండా టైపు చేయడం, లెక్కల పట్టికలు వేయడం, ఫెట్ వంటి ప్రయోగాల బొమ్మలు నడపడం నేర్చుకుంటాడు. కొలరాడో విశ్వవిద్యాలయం వారు 2002లో మొదలుపెట్టిన ఆ ఫెట్‌లో బ్యాటరీ, తీగ, బల్బు తెరమీద కలుపుతూ విద్యుత్ వలయం పాఠాన్ని ఒక గంటలో అర్థం చేసుకోవచ్చు. డబ్బు అక్కరలేదు, దించుకుంటే నెట్ కూడా అక్కరలేదు. ప్రయోగశాలకు తాళం వేసి ఉండే బడుల పిల్లలకు దీన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

కరెంటు సంగతి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లాక ఫోను ఛార్జింగు కోసం జనం జనరేటరు ఉన్న ఇంటి ముందు వరుస కట్టిన రోజులు ఇక్కడివారికి గుర్తుండే ఉంటాయి. ఏ యాప్ ఎంచుకున్నా పాఠ్యపుస్తకాన్ని, పాత ప్రశ్నపత్రాలను కాగితం మీద ఉంచుకోండి.

చూడటమా, అడగటమా

దించుకున్న వీడియో, ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి, పక్క వీధిలో ట్యూషన్, ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నప్పుడు నేను ట్యూషన్ చెప్పేవాడిని కనుక నా మాటను కొంత తగ్గించుకుని వినండి.

వీడియోను వెనక్కి తిప్పవచ్చు, నాలుగుసార్లు చూడవచ్చు, సిగ్గుపడే పిల్లకు అది వరం. ప్రత్యక్ష తరగతిలో అడిగే వీలు ఉంటుందని అంటారు గాని, వంద మంది ఉన్న తరగతిలో మన పిల్ల పేరు పిలిచే వంతు రాదు, వచ్చినప్పుడు మన టవర్ పోతుంది. పదిమంది లోపు పిల్లలతో, రోజూ ఒకే గురువుతో నడిచే ప్రత్యక్ష తరగతి అయితేనే దానికి విడిగా డబ్బు పెట్టడం నాకు సమ్మతం. ట్యూషన్‌లో గురువు పిల్లవాడి కలం ఎక్కడ ఆగిందో చూస్తాడు. గ.సా.గు. దగ్గర ఆ అమ్మాయి ఎందుకు తప్పిందో ఏ వీడియోకూ తెలిసే దారి లేదు. కాబట్టి తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలు, భౌతిక శాస్త్రాలకు ఊళ్లో మనిషి, మిగతావాటికి ఉచిత వీడియోలు అన్న కలగలుపు చాలామందికి సరిపోతుంది. ఒడిశా బోర్డు పదో తరగతిలో ఓ.ఎం.ఆర్. పత్రంపై గుర్తించే ప్రశ్నలు ఉంటాయి కనుక, వాటి అభ్యాసానికి ఫోనులోని క్విజ్‌లు ఉపయోగపడతాయి. వృత్తాలు నింపడం మాత్రం కాగితం మీదే చేయించండి.

ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష, అంటే ఏటా 12,000 రూపాయలు ఇచ్చే ఎన్.ఎం.ఎం.ఎస్., నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష వంటివి రాసే పిల్లలకు ఆన్‌లైన్ అభ్యాసం నిజంగా లాభిస్తుంది. నవోదయలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు. గడియారం పెట్టి చేయించే అభ్యాసం ఇంట్లో పెద్దవాళ్ల కన్నా ఫోను బాగా చేయిస్తుంది.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను అడిగి హోంవర్కు రాసుకురావడం ఇప్పుడు ఏడో తరగతి నుంచే మొదలైంది. ఇంగ్లీషులో అడిగితే మెట్టు మెట్టుగా చెబుతుంది, తెలుగులోనూ ఫరవాలేదు, కానీ పాఠ్యపుస్తకపు పారిభాషిక పదం దగ్గర తడబడటం, తప్పును ధీమాగా చెప్పడం నేను పలుమార్లు చూశాను. చాట్‌జీపీటీ వారి నియమాల ప్రకారమే 13 ఏళ్ల లోపు వారికి అది లేదు, 18 లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. జవాబు అడగనివ్వకండి, “నేను చేసిన ఈ లెక్కలో తప్పు ఎక్కడుంది” అని మాత్రమే అడగనివ్వండి.

డబ్బు కట్టే ముందు

మా చెల్లెలి ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఒక కంపెనీ మనుషులు ఇంటికి వచ్చి మేనల్లుడికి ఉచిత పరీక్ష పెట్టారు. అరగంటలో పిల్లవాడు లెక్కల్లో రెండేళ్లు వెనకబడ్డాడని తేల్చారు. బావ కంగారుపడి రెండేళ్ల కోర్సుకు ఒప్పుకున్నాడు, ఆ రాత్రే ఫోనులో ఓ.టి.పి. చెప్పాడు. తరువాత తెలిసింది, ఆ ఓ.టి.పి. కోర్సుకు కాదు, మరో ఫైనాన్సు సంస్థ ఇచ్చిన అప్పుకు. పాఠాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి, పిల్లవాడిది ఒడియా మాధ్యమం. మూడో వారానికి చూడటం మానేశాడు. కోర్సు వద్దని కంపెనీకి ఎన్ని ఉత్తరాలు పంపినా అప్పు వాయిదాలు ఆగలేదు, ఎందుకంటే అప్పు ఒప్పందం పాఠాలు చెప్పేవారితో కుదిరింది కాదు.

ఈ తరహా వ్యవహారాలు అంతటా పెరిగాకనే కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో తల్లిదండ్రులకు హెచ్చరిక విడుదల చేసింది. చందా కోసం ఖాతా నుంచి తానుగా డబ్బు పోయే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని, తమకు తెలియని అప్పుకు సంతకం చేయవద్దని అందులో ఉంది. డిజిటల్ అప్పులపై రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, తీసుకున్న కొద్ది రోజుల గడువులో అసలు, ఆ రోజుల వడ్డీ చెల్లించి జరిమానా లేకుండా బయటపడే హక్కు ఉంది. ఆ గడువు దాటకముందే పట్టుకోవాలి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. ఇంటికొచ్చి పిల్లవాడు వెనకబడ్డాడని చెప్పే ఉచిత పరీక్షను మాత్రం నేను ఎన్నటికీ నమ్మను. ఆ ఫలితం అమ్మకందారు సంచిలో ముందే ఉంటుంది.

ధరను ఏడాదికి ఎంత అని చూడవద్దు. పిల్లవాడు వారానికి నిజంగా ఎన్ని గంటలు చూస్తాడో లెక్కగట్టి గంటకు ఎంత పడుతున్నదో చూడండి, పక్క వీధి ట్యూషన్ రుసుముతో పోల్చండి. బోర్డు, మాధ్యమం రెండూ కలవని యాప్ ఎంత చౌకైనా దాని గంట ధర ఆకాశంలోనే ఉంటుంది.

వయసును బట్టి

కేంద్రం 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞతా మార్గదర్శకాల్లో, బడికి ముందు వయసు పిల్లలకు రోజుకు 30 నిమిషాలకు మించరాదని, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు 30 నుంచి 45 నిమిషాల తరగతులు రెండుకు మించరాదని, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగుకు మించరాదని ఉంది. నా దృష్టిలో అయిదో తరగతి వరకు అంత కూడా అక్కరలేదు. ఆ వయసులో స్టోరీవీవర్ కథ ఒకటి అమ్మ ఒళ్లో చదివితే చాలు. తొమ్మిది దాటాక ప్రమాదం వేరు. గ్రామీణ పిల్లల చదువుపై జరిగే ఏసర్ సర్వేలో, 2024లో, 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు, వారిలో ముందువారంలో చదువుకు వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. మా ట్యూషన్‌లో ఫోన్లు గుమ్మం పక్క బుట్టలో పడేయించడం ఈ లెక్కలు చూడకముందే మొదలుపెట్టాను.

రెండు వారాల పరీక్ష

చివరికి ఏదో ఒకటి ఎంచుకున్నాక, డబ్బు కట్టేదైనా కట్టనిదైనా, రెండు వారాలు గడువు పెట్టండి. ఒకే అధ్యాయం, ఒకే సమయం, పక్కన మూడు గళ్ల నోటుపుస్తకం. గోడ క్యాలెండరు మీద చూసిన రోజుకు గీత, చూడని రోజుకు సున్నా పెట్టించండి. సున్నాలు నాలుగు దాటితే ఆ యాప్ మీ ఇంటికి కాదు, పిల్లవాడిని తిట్టవద్దు, వస్తువు మార్చండి.

పదిహేనో రోజు సాయంత్రం ఫోను పక్కన పెట్టి, పలక చేతికిచ్చి, ఆ అధ్యాయంలో ఒక లెక్కను మీకు వివరించమనండి. ముందు తెలుగులో చెప్పనివ్వండి. అది అయ్యాక అదే లెక్కను వాళ్ల బడి మాస్టారికి చెబుతున్నట్టు ఒడియాలో చెప్పమనండి. మా గ.సా.గు. అమ్మాయికి ఈ రెండో సారి చెప్పడానికి ముందు కాసేపు ఆలోచన పట్టింది, నోటుపుస్తకం తెరిచి మూడో గడిలో తాను గీసుకున్న బొమ్మ చూసుకుంది, 12 గులకరాళ్లు, 18 గులకరాళ్లు, ఆరేసి చొప్పున విడివిడి కుప్పలు. తరువాత ఒడియాలో గడగడ చెప్పింది. వాళ్ల అమ్మ ఆ నెల చందా కట్టలేదు, మరో నోటుపుస్తకం కొన్నది.